ఊరికే మాట్లాడని డబ్బాలు

మా శైలజ మేడం వైర్‌లెస్ కమ్యూనికేషన్‌లో ప్రొఫెసర్. దుండిగల్ దగ్గరి మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె బల్ల పక్కనే నా బల్ల. సమాచార సిద్ధాంతం మొదటి క్లాసులో ఇరవై ఏళ్లుగా ఆమె చెప్పే మాట ఒకటే. ముందే తెలిసిన సంగతి మళ్లీ చెబితే అది సమాచారం కాదు. చెప్పడం వరకు బాగానే చెబుతుంది. తను పాటించి ఉంటే నేనిది రాసేవాణ్ని కాదు.

షామీర్‌పేట దగ్గరి అలియాబాద్‌లో జలాల్ అనే రైతు వంకాయ తోటలో ఆమె ఎనిమిది డబ్బాలు పాతింది. మట్టిలో తేమ కొలిచి, జలాల్ ఇంటి మిద్దె మీది యాంటెన్నాకు రేడియోలో పంపడం వాటి పని. ఒకసారి వేసిన బ్యాటరీ పంట చివరిదాకా, అంటే అయిదు నెలలు రావాలి. రెండు పంటల్లోనూ నలభై రోజులకే చచ్చాయి. మూడోసారీ అంతే అయితే పరిశోధన కట్టిపెట్టి క్లాసులు చెప్పుకుంటానంది నాతో. నవ్వుతూనే అంది గానీ, ఆ రోజు క్యారియర్ తెరవలేదు. నాకు నిజంగానే బాధేసింది.

చచ్చిన బ్యాటరీలు తీయడానికి నేనూ వెంట వెళ్లాను. మేం తవ్వుతుంటే జలాల్ ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. అతను తువ్వాలు దులిపి లేచాడు.

"ఎవరండీ? ఎత్తలేదేం?" అంది మేడం.

"మా ఇంటామె, మేడం. అన్నం అయినంక రోజు ఒక్క రింగు ఇస్తది."

"ఇంకేదన్నా పనుంటే?"

"ఆగకుండ కొడ్తది. ఏం లేకుంటే ఎందుకు చేస్తది? పొద్దంత ఫోన్ జేసి అంతా మంచిగుంది, మంచిగుంది అంటే నాకు పరేషానే గద! గీ ఒక్క రింగు గూడ రాకుంటే ఇగ ఇంటికి ఉరుకుత."

మేడం గట్టు మీద చతికిలబడింది. ఆమె డబ్బాలేమో పది నిమిషాలకోసారి 'తడిగానే ఉంది' అని వాగుతూ బ్యాటరీ తినేస్తున్నాయి. నేను ఆపుకోలేక నవ్వేశాను. ఆమె తిట్టలేదు.

మూడో పంటకు పద్ధతి మార్చింది. బతికే ఉన్నానని రోజుకో చిన్న సంకేతం. మట్టి ఎండితేనే కబురు. అయినా ఆమెకు మనసు ఊరుకోక, వారానికి రెండుసార్లు షామీర్‌పేట బస్సెక్కి వెళ్లి చూసొచ్చేది. చివరి కోత నాటికి ఎనిమిదికి ఎనిమిదీ పలుకుతూనే ఉన్నాయి.

ఈ పద్ధతి మీద వ్యాసం అచ్చయింది. రచయితల్లో మేడం పేరు పక్కన జలాల్, అతని భార్య షహజాది బేగం. "వాళ్లు ఒక్క సమీకరణమైనా రాశారా?" అన్నాను. నా పేరు లేదని కుళ్లు, దాచుకోను. మేడం ఆ వ్యాసం సంచిలో పెట్టుకుని నన్నూ బస్సెక్కించింది.

షహజాది బేగం మేడం చూపించిన తన పేరు మీద వేలు పెట్టింది. "నేను బడికే పోలే, మేడం. గిండ్ల నేనేం జేసిన?"

"మీరు లేకపోతే నేనీ పని వదిలేసేదాన్నండీ." అంది మేడం.

"అట్లెట్ల ఇడుస్తరు? ఈసారి టమాట పెడ్తున్నం. డబ్బాలు గీడనే ఉండనీయుండ్రి."

మేడం కళ్లు తుడుచుకుని, టమాట ఎన్ని నెలల పంటని అడిగింది.