గులాబీ రాయి చెప్పిన చావు కబురు

నిక్షేపంగా బతికి ఉన్న మనిషికి చావు కబురు చెప్పిన నర్సు మీకెవరైనా తెలుసా? తెలియకపోతే ఇప్పుడు తెలుసుకోండి, ఆ నర్సును నేనే. రిపోర్టు చూసి చెప్పానా అంటే కాదు. నా వేలికున్న ఉంగరాన్ని చూసి చెప్పాను.

మాది రఘునాథపల్లి దగ్గర ఒక తండా. మానుకోటలో నర్సింగు చదివి, భూపాలపల్లిలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో చేరాను. ఉద్యోగం వచ్చిన సంబరంలో జనగామ బజారుకు వెళ్తే, అక్కడ ఒక నగల కొట్టు సేటు గాజు బల్ల మీద వెండి ఉంగరం పెట్టాడు. మధ్యలో గులాబీ రంగు టోపాజ్. చిన్నప్పుడు మా యాడి, అంటే మా అమ్మ, తన లంగా మీది అద్దాలతో ఎండను పట్టి గోడ మీద ఆడించేది. ఆ వెలుగునంతా ఒక్క రాయిలో కూరి, పైన గులాబీ నీళ్లు చల్లినట్టుంది ఆ ఉంగరం. అటూ ఇటూ తిప్పితే లోపల ఏదో కదిలినట్టయింది. ఆ రంగు దాని సొంతమేనా అని అడగాలని నాకు తోచలేదు. పెళ్లిచూపుల్లో పిల్లాడి జుట్టు లాగి చూస్తామా చెప్పండి? చూడాల్సిందే అనుకోండి, కానీ చూడం.

మా వార్డులో రెండు వరసల మంచాలు, తిరిగినప్పుడల్లా మూలిగే ఫ్యాను. బయట ఎడతెగని ముసురు. ఒక మధ్యాహ్నం ఒక ముసలవ్వ నా చెయ్యి పట్టుకునే ప్రాణం విడిచింది. ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా విప్పి నా చెయ్యి తీసుకోవాల్సి వచ్చింది. ఆ చల్లదనం పోవాలని సబ్బుతో, బ్రష్షుతో, స్పిరిటుతో ఎంత కడిగానో నాకే తెలియదు. మర్నాడు చూస్తే ఉంగరం రాయిలో ఒక మూల తెల్లబడి ఉంది, కంట్లో పువ్వు పడ్డట్టు.

మా సీనియర్ నర్సు విజయక్కకు చూపించాను. ఆమె రాయిని కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూసి, ఉంగరాన్ని నా అరచేతిలో పెట్టేసింది.

"అవ్వ పోతా పోతా జర రంగు పట్కపోయినట్టుంది" అంది మెల్లగా.

తరువాత కాలేయం పాడైన ఒక లారీ డ్రైవరు పోయాడు. రాయిలో ఇంకో అంచు తెల్లబడింది. పాము కరిచిన మనిషిని తెచ్చినప్పుడు మరికొంత. నేను సైన్సు చదువుకున్నదాన్నే. కానీ ఆ సైన్సును వార్డు గుమ్మం దగ్గర చెప్పులతో పాటే విడిచి లోపలికి పోతున్నానని అప్పటికి గమనించుకోలేదు. ఎవరి నాడి పట్టుకున్నా ముందు గడియారం వైపు కాక ఉంగరం వైపు చూసేదాన్ని.

ఇలాంటి కబురు దవాఖానలో దాగుతుందా? నేను వస్తుంటే మాటలు ఆగిపోయేవి. రోగులు చేతులు దుప్పట్లోకి లాక్కునేవాళ్లు. బీపీ చూస్తానంటే గోడ వైపు తిరిగి పడుకునేవాళ్లు. రోగుల బంధువులు మాత్రం వరండాలో నన్ను ఆపి, ముఖంలో ఏ భావమూ లేకుండా నా వేలి వైపే చూసేవాళ్లు. ఉంగరం తీసేయవచ్చు కదా అంటారేమో. తీస్తే నాకు తెలియకుండానే ఎవరైనా పోతారేమోనని భయం. సగం చప్పరించిన పిప్పరమెంటు బిళ్లలా ఉన్న ఆ రాయి అప్పటికి నాకు పైఅధికారి అయిపోయింది.

అప్పుడు వచ్చాడు కొమురయ్య బాపు. మొగుళ్లపల్లి రైతు, నిమ్ము చేసి మంచం పట్టాడు. మందులు పనిచేసి లేచి కూర్చుంటున్నాడు కూడా. ఒకరోజు మబ్బు కమ్మి, కరెంటు పోయి, వార్డంతా బూడిద రంగుకు తిరిగింది. నేను బాపు నాడి పట్టుకున్నాను. చూపు ఉంగరం మీద పడింది. గులాబీ రంగు చుక్కైనా లేదు. పాప లేని కన్నులా ఆ రాయి నన్ను చూస్తోంది. తల ఎత్తితే బాపు కూడా దాన్నే చూస్తున్నాడు.

"ఏమంటాంది బిడ్డా?" అని అడిగాడు.

ఏం లేదు బాపు, అనాల్సింది. నా నోటి నుంచి ఇంకోటి వచ్చింది.

"ఇంట్లోల్లను పిలిపించుకుంటె మంచిగుంటది, బాపు."

ఆయన నా చెయ్యి మీద మెల్లగా తట్టాడు. ఇంజక్షను తీసుకుని తిరిగి వచ్చేసరికి మంచం ఖాళీ. సెలైను గొట్టం గాలికి ఊగుతూ నేల మీద చుక్క చుక్కగా కారుతోంది. మంచం కింద ఆయన చెప్పులు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి.

డాక్టరు సారు అరవలేదు. అరిచినా బాగుండేది. మందుల కోర్సు సగంలో ఉందని, ఇంటి దగ్గర జ్వరం తిరగబెడితే ఆ మనిషి దక్కడని, దానికి జవాబు నేనే చెప్పుకోవాలని చాలా నెమ్మదిగా చెప్పాడు. మర్నాడు పొద్దున్నే మందుల సంచి పట్టుకుని మొగుళ్లపల్లికి ఆటో ఎక్కాను. సన్నగా తుంపర. తడిసిన పత్తి చేలల్లో మనిషి జాడ లేదు. ఆటో అన్న అద్దంలో నా ముఖం చూసి, ఎవరన్న పోయిన్రా చెల్లె అని అడిగాడు. మందుల సంచిని ఒళ్లోకి లాక్కున్నాను.

కొమురయ్య బాపు ఇంటి ముందు జనం. ఆడవాళ్లు తలల మీద కొంగులు కప్పుకుని కూర్చున్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఏడిస్తే అంత భయం వేసేది కాదు. నన్ను చూడగానే అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. లోపల ఊదుబత్తుల పొగ. మంచం మీద బాపు, మెడదాకా కొత్త ధోతి, ఛాతీ మీద చేతులు, మూసిన కళ్లు. నేను మంచం కాళ్ల దగ్గర కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

శవం ఒక కన్ను తెరిచింది.

"ఇంకెంతసేపు బిడ్డా?" అంది.

సంగతేమిటంటే, ఆయన నేను చెప్పినట్టే చేశాడు. బంధువులందరికీ కబురు పెట్టాడు. జఫర్‌గఢ్ నుంచి కూడా వచ్చారు. అందరికీ చెప్పాల్సినవన్నీ చెప్పేసి, స్నానం చేసి, రాత్రంతా చావు కోసం ఎదురుచూస్తూ పడుకున్నాడు. అది రాలేదు, నేను వచ్చాను. జ్వరం చూశాను, లేదు. ఛాతీ చూశాను, బాగుంది. నువ్వు చావవు బాపు అని చెప్పాను. ఆయన నమ్మలేదు.

"మరి రాయో?" అన్నాడు.

జనమంతా నా వేలి వైపు తిరిగారు. ఉంగరం తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కాసేపు చూసి, ఏమనుకున్నాడో, పళ్ల మధ్య పెట్టి కొరికాడు. వెండి కొక్కెం వంగి రాయి అరచేతిలో పడింది. అందరూ ఒక్కసారిగా వెనక్కి జరిగారు.

నేను మాత్రం ముందుకు వంగాను. రాయంతా తెలుపే. కానీ కొక్కేలు పట్టుకున్న చోట్ల మాత్రం, చిన్న చిన్న మచ్చల్లా, కొన్ననాటి గులాబీ రంగు చెక్కుచెదరకుండా ఉంది. బ్రష్షు తగలని చోట్లవి. రంగంటే పైపూతే అన్నమాట. రోగి పరిస్థితి విషమించిన రోజున నేను చేతులు ఎక్కువ తోముతాను. ఎక్కువ తోమితే రంగు ఎక్కువ పోతుంది. నా బ్రష్షు చేసిన పనిని నేను యముడి ఖాతాలో వేశాను.

"రాయికి ఏం తెల్వదు బాపు. నేనే తోమి తోమి రంగు పోగొట్టిన" అని అందరి ముందూ ఒప్పుకున్నాను.

తల దగ్గర కూర్చున్న ఆయన భార్య అయిలవ్వ నన్ను అడిగింది.

"అంటే ఈన సావడా?"

"సావడవ్వా."

ఆమె లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయింది. సంతోషం పట్టలేక వెళ్లిందనుకున్నాను.

బాపును అదే ఆటోలో వెనక్కి తెచ్చి వైద్యం పూర్తిచేశాం. సెలవు దొరకగానే జనగామ సేటు మీదికి యుద్ధానికి వెళ్లాను. ఆయన తాపీగా చెప్పాడు. రాయి అసలు టోపాజే, పుట్టు రంగు తెలుపు, గులాబీ పూత తరువాత వేసిందట. నీలం రాళ్లకైతే ఏవో కిరణాలు పట్టించి కాలుస్తారట, ఆ రంగు తోమినా పోదట.

"అడిగితె జెప్పకపోదునా అమ్మా" అన్నాడు.

బాపును ఇంటికి పంపే రోజు వచ్చింది. ఆయన మంచం కమ్మీ పట్టుకుని వదలడం లేదు. ఇంకొన్ని రోజులు ఉంచుకొమ్మని బతిమాలుతున్నాడు. గుమ్మంలో అయిలవ్వ సంచి పట్టుకుని, అటు తిరిగి నిలబడి ఉంది. ఏమైందవ్వా అని అడిగాను. ఆమె ఒక్కొక్క మాటా తూచి చెప్పింది. ఆ రాత్రి అందరి ముందు చివరి మాటలు చెబుతూ, తన జన్మలో వదినె వండిన కూర లాంటిది తినలేదని, భార్య వండింది మాత్రం ఇన్నేళ్లూ మందు మింగినట్టు మింగానని చెప్పాడట. నేను ఆమెకు సర్దిచెప్పబోయాను.

"సచ్చిపోతడు గదా అని ఊకున్న బిడ్డా" అంది అయిలవ్వ. "నువ్వేమో సావడంటివి."

కాబట్టి సకల జనుల ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో ఏ రాయినీ అడిగి ఏ మనిషి ఆయుష్షూ చెప్పను. ఒకవేళ పొరపాటున చెప్పినా, ఆ మనిషి చివరి మాటలు మొదలుపెట్టకముందే పరుగున పోయి నోరు మూసి వస్తాను.