ఎదురింటి కొళాయి

డోన్‌కు బదిలీ అయ్యేనాటికి నాకు నలభై నాలుగేళ్లు. మా ఆయనకు మంగంపేట గనుల్లో పని, ఆదివారం మాత్రమే వస్తాడు. పాప కర్నూలులో హాస్టల్లో ఉండి చదువుకుంటాది. కడపలో పుట్టి, పుట్టింటికి రెండు వీధుల అవతలే కాపురం చేసినదాన్ని నేను. స్నేహితులను వెతుక్కోవాల్సిన పని ఎప్పుడూ పడలేదు. డోన్‌లో మాత్రం బడి అయిపోయినాక ఇంటికొచ్చి తాళం తీస్తే, మళ్లీ పొద్దున బడికి పోయేదాకా నోరు తెరిచే పని ఉండేది కాదు. నాకంటూ ఒక మనిషి దొరికితే చాలనుకునేదాన్ని. ఆ మనిషి దొరికింది కానీ, దొరికిన తీరు చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంటుంది.

మా వీధికి నాలుగు రోజులకొకసారి, ఒక గంట నీళ్లు వదులుతారు. నేను దిగిన రెండో వారంలో ఒకరోజు కొళాయి కింద బిందె పెట్టుకొని ముప్పావుగంట కూర్చున్నా. సగం కూడా నిండలేదు. ఎదురింట్లో మోటారు గుర్రుమంటోంది. పైపుకే మోటారు తగిలించి వీధి నీళ్లంతా లాగేస్తున్నారని పసిపిల్లకైనా అర్థమవుతుంది. ఎదురింటి తలుపు పది అడుగుల దూరంలో ఉంది. పోయి తట్టొచ్చు. కానీ ఎవరో ఏమో, ఒంటరి ఆడదాన్ని, వచ్చీరాగానే కొట్లాటెందుకని భయపడినా. లోపలికి వచ్చి నీళ్ల ఆఫీసుకు ఫోన్ చేసినా. నా పేరు మాత్రం బయటికి రానీయొద్దని బతిమాలుకున్నా.

మూడోరోజు నలుగురు మనుషులు వచ్చి మోటారు ఎత్తుకొని పోయినారు. అంతటితో ఆగుతారనుకున్నా. ఎదురింటి కొళాయి కూడా కోసేసి, మూడు నెలలు కనెక్షన్ లేదని చెప్పి పోయినారు.

ఆ ఇంటామె వీధి నడుమ నిలబడింది. నా కంటే నాలుగైదేళ్లు చిన్నది. మిషను కుడుతూ కుడుతూ లేచి వచ్చినట్టుంది, మెడలో టేపు వేలాడుతోంది.

"ఎవురు చెప్పినారో మొగం సూపించండి! ఇంట్లో మంచం మీద మా అత్త ఉండాది. ఆమెకు నీళ్లు యాడ నుంచి తేవల్ల?"

నేను కిటికీ పక్కన గోడకు ఆనుకొని నిలబడినా.

వీధిలో అందరూ మూలింటి వైపు చూసినారు. ఆ ఇంట్లో ఒక పెద్దమ్మ ఉండేది. అరవై దగ్గర పడిన మనిషి, పొద్దున పూట ఇంటి ముందర బండి పెట్టుకొని ఉగ్గాని, బజ్జీ అమ్ముకునేది. వారం కిందట ఆ మోటారు విషయంలోనే ఆమెకూ ఎదురింటామెకూ మాటామాటా పెరిగి, "కంప్లైంట్ ఇస్తా, సూడు" అని పెద్దమ్మ అరిచిందంట. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. ఎదురింటామె నేరుగా పోయి ఆ బండి మీద మట్టి ఎత్తి పోసింది. పెద్దమ్మ ఒట్టు పెట్టుకుంది, ఏడ్చింది. ఎవరూ నమ్మలేదు.

ఆ సాయంత్రం నా తలుపు చప్పుడైంది. తలుపు తీస్తే ఎదురింటామె, చంకలో బిందె.

"టీచరమ్మా, రెండు బిందెలు పట్టుకోనిస్తావా? వేరే ఎవురినీ అడగబుద్ధి కాలేదు."

"ఎన్నైనా పట్టుకో," అన్నా.

అట్ల మొదలైంది. నీళ్లొచ్చే రోజు మా కొళాయి దగ్గరే ఆమె బిందెలన్నీ నిండేవి. బిందె నిండేలోపల మాటలు. మూడో వారానికి నన్ను "అక్కా" అనడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం కుట్టిన బట్టలకు హుక్కులు వేసేదానికి మా అరుగు మీదికి వచ్చి కూర్చునేది. ఒక గిరాకీ తన నడుము కొలత తప్పు చెప్పి, రవిక పట్టక తననే ఎట్ల తిట్టిందో ఆమె చెబుతుంటే, డోన్ వచ్చినాక మొదటిసారి కడుపు పట్టుకొని నవ్వినా. నాకు జ్వరమొస్తే మూడు రోజులు గంజి కాచి తెచ్చింది. తలమీద తడిగుడ్డ మారుస్తూ, "ఈడ నీకెవురూ లేరనుకోవద్దక్కా," అంది. ఆ మాటకు కళ్లు మూసుకున్నా. జ్వరం వల్ల అనుకుంది.

చెప్పేయాలని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. మూడు నెలలై కొళాయి మళ్లీ వస్తే చెబుదామనుకున్నా. వచ్చింది. చెప్పలేదు. ఇప్పుడెందుకు, అంతా సర్దుకుంది కదా అనుకున్నా. కానీ మూలింటి పెద్దమ్మకు ఏమీ సర్దుకోలేదు. వీధిలో ఆడవాళ్లు ఆమె దగ్గర బజ్జీ కొనడం మానేసినారు. నేను బడికి పోయేటప్పుడు ఆ బండి ముందు నుంచే పోవాలి. "ఏమ్మా, తిన్నావా?" అని అడిగేది. తల ఊపి గబగబా నడిచేదాన్ని. ఎదురింటామె బిడ్డ పుట్టినప్పుడు ఆస్పత్రిలో పక్కన కూర్చున్నది ఆ పెద్దమ్మేనని, ఇద్దరిదీ ఇరవయ్యేళ్ల స్నేహమని ఒకరోజు ఎదురింటామే నోరుజారి చెప్పింది. వెంటనే మాట మార్చేసింది.

ఆ బిడ్డకే పెళ్లి కుదిరింది. నా చేతిరాత బాగుంటుందని కార్డుల మీద పేర్లు రాయమనింది. వాళ్లింట్లో చాప మీద కూర్చొని ఒక్కో ఇంటి పేరూ ఆమె చెబుతుంటే రాస్తున్నా. వీధిలో ఇళ్లన్నీ వరసగా వచ్చి, మూలిల్లు దాటి పక్క వీధికి పోయింది.

"మూలింటి పెద్దమ్మకు?" అన్నా.

ఆమె చేతిలో కార్డు కింద పెట్టింది. "మా అత్తకు నీళ్లు లేకుండా చేసిన మనిషికి కార్డిస్తానా? నా బిడ్డను మొదట ఎత్తుకున్నది ఆమే అక్కా. అందుకే నాకింత మంట. పరాయోళ్లు చేసింటే ఎప్పుడో మర్చిపోయింటా."

నేను తల వంచుకొని తర్వాతి పేరు రాసినా. అక్షరాలు వంకరపోయినాయి. ఆ కార్డు పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆయనకు ఫోన్ చేసి చెబితే, "ఇప్పుడు చెబితే ఇద్దరూ కలిసి నిన్ను తంతారు. పెళ్లి కానీ," అన్నాడు. పెళ్లి అయిపోతే ఆ పెద్దమ్మ లేకుండానే అయిపోతుంది. ఆ తర్వాత చెప్పి ఏం లాభం?

మరుసటి రోజు బడికి సెలవు పెట్టినా. ఆమె మిషను మీద పెళ్లిబట్టలు కుడుతోంది.

"ఆపు, ఒక మాట చెప్పాలి," అన్నా.

"చెప్పక్కా, కుడుతూనే వింటా."

"నీ మోటారు మీద ఫోన్ చేసింది నేను. పెద్దమ్మ కాదు."

మిషను ఇంకో నాలుగు కుట్లు కుట్టి ఆగింది. ఆమె నా వైపు తిరగలేదు.

"నువ్వు నాతో తమాషా చేస్తాండావా?"

"లేదు. నేనే చేసినా. కొళాయి కోస్తారని తెలియదు. నీ ముందరికి రావడానికి భయపడినా."

"ఎనిమిది నెలలు," అంది. "నా ఇంట్లో కూర్చొని, నా చేతి గంజి తాగి, ఎనిమిది నెలలు." ఆమె గొంతు పెరగలేదు. అరిచినా బాగుండుననిపించింది. "నాతో ఆమె బండి మీద మట్టి పోయించినావు కదా టీచరమ్మా."

మళ్లీ టీచరమ్మనైనా. ఆమె లేచి చెప్పులు కూడా వేసుకోకుండా మూలింటి వైపు పోయింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయినా. పెద్దమ్మ తలుపు తీయలేదు. ఈమె తట్టింది, పిలిచింది, చివరికి ఆ మెట్టు మీదే కూర్చుంది. ఆమె దగ్గరికి పోవడానికి నాకు ధైర్యం చాలలేదు. తల వంచుకొని వీధి దాటి మా ఇంట్లోకి పోయినా.

మరుసటి పొద్దున బండి దగ్గరికి నేనే పోయినా. పెద్దమ్మ శనగపిండి కలుపుతోంది. మొదటి నుంచి చివరిదాకా చెప్పినా. ఆమె పిండి కలపడం ఆపలేదు.

"నా చెవిలో చెప్తే ఏమొస్తాది? నన్ను దొంగను చేసింది ఈ వీధి. వీధికి చెప్పు. ఎల్లుండి నీళ్లొస్తాయి, అందరూ ఉంటారు."

నీళ్లొచ్చే పొద్దున పదిహేనుమంది ఆడవాళ్లు బిందెలతో బయట ఉన్నారు. ఎదురింటామె తన కొళాయి దగ్గర తల వంచుకొని ఉంది. పెద్దమ్మ చేతులు కట్టుకొని తన గడపలో నిలబడింది. బడిలో ముప్పైమంది పిల్లల ముందు రోజూ మాట్లాడే నాకు మొదటిసారి మాట బయటికే రాలేదు. రెండోసారి గట్టిగా చెప్పినా: "మోటారు సంగతి ఆఫీసుకు చెప్పింది నేను. పెద్దమ్మకు ఏ పాపం తెలియదు. ఇన్ని నెలలు తెలిసీ గమ్మునున్నా. తప్పు నాది."

తర్వాత ఒకామె, "సదువుకున్నోళ్లు ఇట్లనే సేస్తారు," అంది. ఇంకొకామె, "మోటారు పెట్టింది తప్పు కాదా మల్ల?" అంది. మాటలు పెరిగినాయి. ఎవరో నన్ను ఊరు విడిచి పొమ్మన్నారు. పెద్దమ్మ గడప దిగి వచ్చి, "సాలు! ఆమె చెప్పింది కదా. నా మీద ఆ పొద్దు ఉమ్మినోళ్లలో ఒక్కరైనా వచ్చి ఇట్ల చెప్పినారా?" అని అరిచింది. అందరూ ఎవరి బిందెలు వాళ్లు చూసుకున్నారు.

ఎదురింటామె చేతిలో కార్డుతో పెద్దమ్మ దగ్గరికి పోయింది. ఆమె తీసుకోలేదు. కార్డు పక్కకు నెట్టి, ఈమె తల మీద చెయ్యి పెట్టింది. ఇద్దరూ ఏడుస్తుంటే నేను లోపలికి వచ్చి తలుపేసుకున్నా. నా బిందె బయటే పొంగిపోతోందని గుర్తే లేదు.

పెళ్లికి నన్ను పిలవలేదు. ఆ పొద్దు పెద్దమ్మే పట్టుచీర కట్టుకొని వచ్చింది. "పా, పోదాం."

"పిలవకుండా ఎట్ల వచ్చేది పెద్దమ్మా?"

"నేను పిలుస్తాండా. ఆయమ్మ మొగం మీద తలుపేస్తే నాతో కలిసి తిరిగి వచ్చేద్దువు."

పెళ్లి జరిగే షాదీఖానా గుమ్మంలో ఎదురింటామె నన్ను చూసింది. చేతిలో పూల తట్ట. ఆమె నవ్వలేదు, మొగం తిప్పుకోలేదు. "ఆడోళ్ల భోజనాలు ఆ పక్క," అని చెప్పి, పెద్దమ్మకు పూలిచ్చి పోయింది. నాకు ఇవ్వలేదు. నేను భోంచేసి వచ్చినా.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం పెద్దమ్మ అరుగు మీద నేను కూర్చొని ఉంటే ఎదురింటామె కూడా వచ్చింది. నేను లేచి పోబోయినా. "కూర్చో," అంది. చాలాసేపు పెద్దమ్మతోనే మాట్లాడింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు నా తలుపు తట్టింటే ఏమయ్యేది? నేను శానా తిట్టేదాన్ని. తిట్టి, రెండు రోజులకు మోటారు తీసేసేదాన్ని. తీసేదాన్ని కాదేమో కూడా. కానీ ఆ కొట్లాట మనిద్దరి నడుమ ఉండేది కదా. ఈమెను ఏంటికి కలిపినావు?"

"భయపడినా," అని మళ్లీ అదే చెప్పినా.

"నన్ను సూసి భయపడేదానికి నాలో ఏముండాది?" అంటూ తన చేతులు చూసుకుంది. ఆ మాటే నాకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇప్పుడు మాట్లాడుకుంటాం. ఒకరింటికి ఒకరం పోతాం. ఆమె ఇంకా టీచరమ్మా అనే పిలుస్తుంది, అక్కా అని నోరు రావడం లేదని మొహం మీదే చెప్పింది. పోయిన నెల వీధిలో కొత్తగా ఒక కుటుంబం దిగింది. వాళ్ల పాటల హోరు మా ముగ్గురికీ తలనొప్పి అయింది. పెద్దమ్మ నన్ను చూసింది, ఎదురింటామె కూడా చూసింది. నేనే లేచి పోయి వాళ్ల తలుపు తట్టినా.