మోరీన్ గారి పెరట్లో రెండోసారి మోగింది

లాక్‌డౌన్ విసుగులో నేను కొన్న మెటల్ డిటెక్టర్ ఇన్నాళ్లూ అలమరలోనే ఉంది. ఐర్లాండ్‌లో అనుమతి లేకుండా దాంతో పాత వస్తువులు వెతకడం నేరమని నన్ను ఆపింది, ఊరి చరిత్ర సంఘంలో పనిచేసే మా పక్కింటి మోరీన్ గారే.

ఈ సాయంత్రం ఆవిడే పిలిచారు. మాస్కు తీస్తుంటే దాని తాడుకు చిక్కుకుని చెవి మిషన్ పెరట్లో ఎక్కడో పడిపోయిందట. డిటెక్టర్‌తో వెతికితే గడ్డిలో దొరికింది. ఆవిడ దాన్ని తుడిచి చెవికి పెట్టుకుంటుండగా, గులాబీ మొక్క పక్కన డిటెక్టర్ మళ్లీ మోగింది. ఈసారి లోపల, బాగా లోతుగా ఏదో ఉంది.

"తవ్వమంటారా?" అన్నాను.

"నో, మురళీ. నాది దొరికింది, దట్స్ గ్రాండ్, అంతే చాలు. అది నాది కాదు," అన్నారు.

చీకటి పడుతోంది. ఆవిడ ఇంకా ఆ మొక్క దగ్గరే నిలబడి ఉన్నారు, ఇంటికొచ్చేసిన నేను మా కిటికీ దగ్గర. మీరైతే తవ్వకుండా ఉండగలరా?