ఇసుకలో దిగబడని లారీ

మా ఆయన రైల్వే వర్క్‌షాపు ఉద్యోగం మానేసి, అడవి పల్లెల్లో నీటి పంపులు బిగించే పని పెట్టుకున్నారు. ఆ దారుల్లేని ఊళ్ళకు పోవడానికి మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత లారీ కొని, ఝపటాపూర్‌లో మా ఇంటి ముందే ఏడాదిపాటు బాగుచేశారు. లావుపాటి స్ప్రింగుపట్టీలు వేశారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేలా గేర్లు సరిచేశారు.

"రైలింజనుకి రబ్బరు చక్రాలేసినావేటి?" అని ఎదురింటి కంట్రాక్టరు రోజూ ఎగతాళి చేసేవాడు. అతనిది కొత్త లారీ.

ఆ వానాకాలం ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. తిరిగొస్తుంటే వాగు ఇసుకలో ఆ కొత్త లారీ ఇరుసుదాకా కూరుకుపోయి కనిపించింది. మా ఆయన నవ్వకుండా దిగి, తాడు కట్టి గట్టుకు లాగారు. తాడు మాత్రం విప్పలేదు. వెనక కంట్రాక్టరు ఒకటే హారను.

"ఏవండీ, ఆపమంతన్నాడు," అన్నాను.

"ఇంజను మోతలో నాకేటీ ఇనబడ్డం నేదే!"

అలాగే మా ఇంటి దగ్గరి పూరీ గేట్ దాకా, టీ కొట్ల ముందు నుంచి నెమ్మదిగా ఈడ్చుకొచ్చారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అక్కడ దిగి, "కంట్రాక్టరు బాబూ, టీ తాగుతారేటి?" అని ఎంతో మర్యాదగా అడిగారు.

అతను మూతి ముడుచుకునే తాగాడు. ఇంకోటి కూడా అడిగి తాగాడు.