బూత్ కాగితం, హాజరు పుస్తకం

పోయినవి వరసగా రాస్తాను. ఒక బస్సు. అందులో ముప్ఫై నాలుగు సీట్లు. పోను నాలుగు, రాను నాలుగు కిలోమీటర్ల చొప్పున, ముప్ఫై నాలుగు మంది ఆడవాళ్ళ కాళ్ళలోంచి రోజుకు రెండు వందల డెబ్బై రెండు కిలోమీటర్ల సత్తువ. ఒకామెకు పదహారు హాజర్లు. ఆ పదహారుతో పాటు ఒక పర్మనెంటు ఉద్యోగం.

మా నూలు మిల్లు గుంటూరు దారిలో ఉంది. టైమాఫీసులో హాజరు రాసేది నేను. పదో తరగతి తప్పాను. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. మా ఎం.డి. గారు పెద్ద చదువులు చదివినవారు. మీటింగు పెట్టినప్పుడల్లా, "రాజకీయం నా ఇంటి గుమ్మం దాకే. గేటు లోపల నేను వ్యాపారస్తుణ్ణి" అంటారు. మేం చప్పట్లు కొడతాం.

ఎన్నికల్లో ఎం.డి. గారి పార్టీ ఓడిన వారానికి ఒక ఊరి బస్సు ఆపేశారు. నోటీసులో కారణం డీజిల్ ఖర్చు. పద్నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఇంకో ఊరికి తొమ్మిది మంది కోసం బస్సు తిరుగుతూనే ఉంది. ఎవరో లెక్క తప్పారనుకుని, రెండు బస్సుల ఖర్చూ కాగితం మీద వేసి ఎం.డి. గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన దాన్ని చూడలేదు. బల్ల మీదున్న బూత్ కాగితం నావైపు తిప్పారు.

"ఆ ఊళ్ళో అవతలివాళ్ళ కంటే మనకి ఎంత తగ్గిందో చూశావా? నూట నాలుగు."

'మనకి' అంటే మిల్లుకా, ఆయనకా అని అడగలేదు. ముప్ఫై నాలుగు మందీ అటు వేసి ఉన్నా, వాళ్ళంతా ఇటు తిరిగితే, అటు ఒకటి తగ్గి ఇటు ఒకటి పెరిగి, పూడేది అరవై ఎనిమిదే. ఇంకా ముప్ఫై ఆరు తక్కువ. పెద్ద చదువులకు ఈపాటి తీసివేత రాలేదు.

నాకూ ఒక పార్టీ ఉంది. ఆ సంగతి నా హాజరు పుస్తకానికి తెలియదు.

ఆ ముప్ఫై నాలుగు మందిలో, తెగిన దారాలు అతికే పని చేసే ఒకామెకు అప్పటికి నూట ఎనభై హాజర్లు. ఏడాదిలో రెండు వందల నలభై నిండితేనే మా మిల్లులో పర్మనెంటు. మిగిలిన పనిదినాలు అరవై ఐదు. అరవై వస్తే చాలు. కానీ గేటు పొద్దున ఆరింటికి మూస్తారు. మిరప చేల గట్ల మీద నడిచి, ఆమె పదహారు సార్లు ఆలస్యంగా వచ్చింది.

"మా ఇంట్లో నాలుగు ఓట్లూ ఆయన గుర్తుకే గుద్దాం సారూ," అంది ఒకరోజు, గేటు ఊచలు పట్టుకుని. "ఓడిన కోపం ఓటేసినోళ్ళ మీదా?"

వాచ్‌మన్ నవ్వాడు. "ఆ మాట ముందే చెప్పొద్దా అమ్మా? వేలి మీద సిరా చుక్కకి బదులు పార్టీ గుర్తే వేయించుకోవాల్సింది."

ఆ పదహారు సార్లూ ఆమె బయట నిలబడి ఉండగానే గైర్హాజరు అని రాసింది నేనే. అరవై ఐదులో పదహారు పోను నలభై తొమ్మిది. మొత్తం రెండు వందల ఇరవై తొమ్మిది దగ్గర ఏడాది ముగిసింది. ఆమె హాజరు టోకెను తీసేసుకుని పంపేశారు.

రెండు వారాలకు ఆర్డర్లు పెరిగి, మనుషులు చాలక, బస్సు మళ్ళీ వేశారు. ఎం.డి. గారు దాని ముందు కొబ్బరికాయ కొట్టారు. మేం చప్పట్లు కొట్టాం.

ఆమెకు కొత్త టోకెను ఇచ్చారు. లెక్క మళ్ళీ ఒకటి నుంచి. రోజూ నా కిటికీ ముందు టోకెను పెట్టి అడుగుతుంది, "నా పాత లెక్కకి ఎన్ని తక్కువయ్యాయి సారూ?"

పుస్తకం తెరవక్కర్లేదు. పదకొండు.