మా ఆడపడుచు చదివే అక్షరాలు

మా ఆడపడుచు ఏం ఉద్యోగం చేస్తుందని అడిగితే మా ఇంట్లో తలో మాట చెబుతారు. మా అత్తగారు "ఆస్పత్రిలో కంప్యూటర్ పని" అంటుంది. మా ఆయన "డాక్టరు లాంటిదేలే" అంటాడు. తననే అడిగితే అసలు పేరు చెబుతుంది, బయోఇన్ఫర్మాటిక్స్ అని. అంతే, అడిగినవాళ్ళు ఫోన్లు చేతిలోకి తీసుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. కాస్త ఓపిగ్గా వింటే అర్థం కానిదేముంది? మన ఒంట్లోని కణాల్లో నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన పెద్ద రాత ఉంటుందట. కాస్త రక్తం ఇస్తే మిషన్లు దాన్ని చదివిపెడతాయి. ఆ కోట్ల అక్షరాల్లో జబ్బు తెచ్చిన తప్పు ఎక్కడుందో కంటితో వెతకలేం కాబట్టి, వెతకడం కంప్యూటర్‌కి నేర్పాలి. తను జీవశాస్త్రం చదివి, ఆ తర్వాత లెక్కలూ ప్రోగ్రాములు రాయడమూ కూర్చుని నేర్చుకుంది.

రెండూ నేర్చినందుకు దక్కిందేమిటయ్యా అంటే, డాక్టర్లు తనని కంప్యూటర్ల మనిషి అనుకుంటారు, కంప్యూటర్ల వాళ్ళు డాక్టర్ల మనిషి అనుకుంటారు. భోజనానికి ఇటువాళ్ళూ పిలవరు, అటువాళ్ళూ పిలవరు.

ఆమధ్య మోకాలు చూపించుకోవడానికి అదే ఆస్పత్రికి వెళ్ళి, కింది అంతస్తులో ఉన్న తన గదిలోకి తొంగిచూశాను. కిటికీ లేని గది. ఏసీ చలికి శాలువా కప్పుకుని, టిఫిన్ డబ్బా మూతైనా తియ్యకుండా కూర్చునుంది.

"ఏమైందే, ముఖం అలా పెట్టావు?"

"తప్పు చేశాను వదినా."

ఒక పసిపాపకి ఫిట్స్ వస్తున్నాయి. మామూలు మందులకి ఆగడం లేదు. కారణం ఆ అక్షరాల్లో దొరికితే ఇవ్వడానికి వేరే మందుంది. ముందురోజు తను "ఏమీ దొరకలేదు" అని రిపోర్టు పంపేసింది.

"ఒక వీధిలో ఇళ్ళ నంబర్లు మార్చేశారనుకో. పోస్టుమాన్ పాత నంబర్లు పట్టుకుని తిరిగితే ఉత్తరం ఎవరింట్లో పడుతుంది? మేమూ ఒక్కో అక్షరం ఉండే చోటికి నంబరు పెట్టుకుంటాం. పాప ఫైలు కొత్త నంబర్లతో వచ్చింది. నేను పాత నంబర్లతో వెతికాను. ఇవాళ అనుమానమొచ్చి చూస్తే, మనుషులందరికీ ఒకేలా ఉండే చోట్ల కూడా పాపకి వేరే అక్షరాలు కనబడుతున్నాయి. ఆ లెక్కన ఆ పాప మనిషే కాదు."

నాకు నవ్వొచ్చింది. తను నవ్వలేదు.

నంబర్లు సరిచేసి మళ్ళీ వెతకమని పెట్టింది. చాలాసేపు పట్టింది. ఆ గదిలో రోజూ ఇలాగే ఒక్కత్తీ కూర్చుంటుంది కదా అనిపించి నాకు దిగులేసింది. చివరికి తెర మీద ఒక వరుస నిలిచింది. ఒక్క అక్షరం మారింది, అంతే, ఫిట్స్‌కి కారణం అదేనట. తను వెంటనే పిల్లల డాక్టరుకి ఫోన్ చేసి, "నా రిపోర్టు తప్పండి, నాదే పొరపాటు" అంది. అటు కేకలు నాకూ వినిపించాయి.

"కంప్యూటర్ తప్పని చెప్పొచ్చుగా?" అన్నాను.

"అది నేనడిగిందే చెప్పింది వదినా."

తర్వాత మోకాలికి మళ్ళీ వెళ్ళినప్పుడు ఇద్దరం వరండాలో నడుస్తున్నాం. ఒకావిడ పాపని ఎత్తుకుని పిల్లల డాక్టరు చేతులు పట్టుకుంది. "మీ చలవే సార్, ఫిట్స్ ఆగిపోయాయి" అని ఒకటే ఏడుపు. డాక్టరు మావైపు చూడనైనా లేదు. మా ఆడపడుచు మాత్రం పాప కాలికి ఆస్పత్రి వాళ్ళు కట్టిన పట్టీ మీద తన ఫైల్లోని నంబరే చూసి ఆగిపోయింది. కళ్ళు తుడుచుకోవడం ఆ తల్లి గమనించింది.

"ఎవరికమ్మా బాగాలేదు? మీవాళ్ళున్నారా ఇక్కడ?"

"ఎవరూ లేరండి."

నేను నోరు తెరవబోతే చెయ్యి గిల్లింది. అంత కోపం నాకు ఈమధ్య ఎప్పుడూ రాలేదు. లిఫ్టు ఎక్కాక దులిపేద్దామనుకున్నాను. అంతలో తనే మెల్లిగా అంది:

"పాపకి బుగ్గ మీద సొట్ట పడుతోంది, చూశావా వదినా? అంతా చదివాను గానీ, అది నాకు తెలీదు."