విప్పేసిన నాలుగు తాళ్లు

బర్మాలోని యాంగోన్‌లో, చౌక్తడా పేట పాత భవనాల్లో ఒకదానిలో ఉండే మ్యూజియంలో నేను వస్త్ర సంరక్షణ అధికారిగా పనిచేశాను. రిటైరవడానికి రెండేళ్ల ముందు, వానలు పట్టుకున్న జూలైలో, నా బల్ల మీదికి ఒక రేకు పెట్టె వచ్చింది. చనిపోయిన ఓడ కెప్టెన్ ఒకాయన సామాను, కుటుంబం వాళ్లు మాకు ఇచ్చేశారు. చీటీ మీద "చేపల వల ముక్క, దక్షిణ అమెరికా" అని ఉంది. లోపల గోధుమరంగు నూలు తాళ్లు ఉండచుట్టుకుని ఉన్నాయి. పదిహేను రోజుల్లో ప్రదర్శన ఉంది, దాన్ని శుభ్రం చేసి అట్టకు కుట్టి ఇమ్మన్నారు.

మా పనిలో వరస ఇది. వస్తువు రాగానే అన్ని వైపులా ఫొటో తీయాలి, తరవాత స్థితి నివేదిక రాయాలి, అది అయ్యాకే చెయ్యి పెట్టాలి. ఎండి బిరుసెక్కిన నూలును తేమ పెట్టెలో ఉంచి, మెత్తబడ్డాక సూదితో, పట్టకారుతో చిక్కు తీస్తాం. ఆ వారం మా కెమెరా మరమ్మతుకు వెళ్లింది. వల ముక్కకు ఫొటో ఏమిటిలే, తరవాత తీయొచ్చు అనుకున్నాను. ముప్ఫై ఏళ్లు పట్టుబట్టల చిరుగులు అతికినదాన్ని, పెద్ద పనిమంతురాలిని మరి!

నా సహాయకుడు పోలయ్య, ఇక్కడి మర్యాదలో కో పోలయ్య, తామ్వే పేట నుంచి వచ్చేవాడు. హోదాలో అందరికన్నా కిందివాడు, వయసులో నా ఈడువాడు. వాళ్ల తాత గంజాం నుంచి రేవు పనికి వచ్చాడు, నాన్న ట్వంటే కాలువ ఒడ్డున వలలు అల్లి బతికాడు. నన్ను ఇక్కడి పద్ధతిలో సయామా, అంటే పంతులమ్మా, అని పిలిచేవాడు.

మూడోరోజుకు ఉండ విడిపోయి, ఒక లావుపాటి తాడుకు వరసగా వేలాడే సన్నతాళ్లు బయటపడ్డాయి. ఒక్కోదాని మీద అక్కడక్కడ బిగిసిన ముడులు. మొదటి ముడిలో సూది పెట్టగానే పోలయ్య ఆపాడు.

"సయామా, ఇది వల కాదండి. వల ముడి ఇలాగుండదు. ఇయి పడ్డ సిక్కులు కావు, ఎవులో ఏలితో ఏసినవి. ఇప్పకండి, ఒగ్గీండి."

"చిక్కు తీయడం మన పని పోలయ్యా, దాని జాతకం చూడటం కాదు" అన్నాను.

నేను ముడులు విప్పుకుంటూ పోయాను. సాయంత్రానికి నాలుగు తాళ్లు సాపుగా వచ్చాయి. ఎంత చక్కగా చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

కానీ పోలయ్య మాట మనసులో ముల్లులా గుచ్చుతూనే ఉంది. మర్నాడు కెమెరా రాగానే ఫొటోలు తీసి, దక్షిణ అమెరికా వస్త్రాల మీద పనిచేసే ఒక పరిశోధకురాలికి పంపాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. అది వల కాదు, కిపు. పెరూ కొండల్లో ఇన్కా ప్రజలు కాగితమూ కలమూ లేకుండా అంత పెద్ద రాజ్యాన్ని ఇలాంటి తాళ్లతోనే నడిపారు. తాడు రంగు, ముడి రకం, చుట్లు, కట్టిన చోటు, అన్నిటికీ అర్థం ఉంది. జనం వివరాలు, పంటలు, బహుశా కథలు కూడా వాటిలో దాచుకున్నారు. స్పెయిన్ వాళ్లు వచ్చాక చదివేవాళ్లు పోయారు, తాళ్లు చాలావరకు నాశనమయ్యాయి. మిగిలినవాటిని ఈనాటికీ ఎవరూ పూర్తిగా చదవలేకపోతున్నారు, అందుకే ఒక్కో ముడీ కావాలి అని రాసింది. చివర ఒక ప్రశ్న అడిగింది, ఈ నాలుగు తాళ్లు ఖాళీగా ఎందుకున్నాయని.

ముడి ఉన్నచోట నూలులో వంపు మిగులుతుంది. తేమ పెట్టి ఆ వంపులను కూడా నేనే చెరిపేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు భూతద్దం కింద రెండు రోజులు వెతికాను. ఏమీ దొరకలేదు.

జరిగింది చెబితే, పెట్టెలో అలాగే వచ్చాయని రాసేయండి, ఎవరికి తెలుస్తుంది అన్నారు డైరెక్టర్. ఆయన వెళ్లాక పోలయ్య తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"నాకు గురుతున్నాదండి. మొదటి తాడుకి కిందన మూడు, మీదన ఒకటి. నాను కట్టీనా? మీకు మాట రాకుండా ఉంటాది."

ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. వేరే నూలు తాళ్లు ఇచ్చి ముందు వాటి మీద కట్టి చూపమన్నాను. రెండు కట్టాడు. మూడోది చేతిలోకి తీసుకుని ఆగిపోయి, మళ్లీ మొదటిదాన్ని చూశాడు. "కిందన మూడో, నాలుగో... ఏటో సయామా, సెప్పలేనండి" అని ఏడ్చేశాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

అసలు తాళ్లకు ముడులు వేయనివ్వలేదు. ఊహించి కట్టిన ముడి, ఎప్పుడో ఒకనాడు వాటిని చదవగలిగినవాడికి అబద్ధం చెబుతుంది. ముడులు విప్పింది నేను, ఫొటో తీయలేదు, సహాయకుడు పోలయ్య వద్దని చెప్పాడు అని నివేదికలో రాశాను. సంజాయిషీ అడిగారు, రావలసిన పదోన్నతి ఆగిపోయింది. అందుకు నేను పెద్దగా బాధపడలేదు.

నివేదిక పోలయ్యకు చదివి వినిపించాను. తన పేరు వచ్చినచోట మళ్లీ చదవమన్నాడు. "మంచిదేనండి. మీరు రాసీసినారు గానీ, ఆ కట్టినోడి మాట పోనాది కదా" అన్నాడు.

ఈ పనిలోకి వచ్చేవారికి ఫొటో నియమం ఎవరైనా నేర్పుతారు. కానీ కెమెరా లేకపోవడం వల్ల ఆ ముడులు పోలేదు. వద్దన్న మనిషి నాకన్నా కింది హోదాలో ఉండటం వల్ల పోయాయి.